యూనిక్స్ సర్వర్ల లోప నిర్ధారణ

యూనిక్స్, దాని వరసలో వచ్చిన లినక్స్, బీఎస్‌డీ వ్యవస్థలతో నడిచే సర్వర్లు మొరాయించినప్పుడు కారణం కనిపెట్టి సరిచేసే పనిని లోప నిర్ధారణ అంటారు. ఈ రంగంలో ఉన్నవాళ్ల నోట దాని పేరు ట్రబుల్‌షూటింగ్. గొడవలు ఎక్కువగా తేలేది మూడు చోట్ల: మెమరీ, నెట్‌వర్క్, డిస్క్. సర్వర్ ఒక ఊళ్లో, దాన్ని చూసుకునే మనిషి ఇంకో ఊళ్లో, సలహా చెప్పే మనిషి ముక్కూమొహం తెలియని మూడో దేశంలో ఉన్నా ఈ పని సాగిపోతుంది. కారణం ఆ వ్యవస్థ కట్టుబడిలోనే ఉంది. యూనిక్స్ తన లోపలి స్థితిని మామూలు అక్షరాల్లో, వరసలు వరసలుగా బయటపెడుతుంది. ఆ వరసల్ని కాపీ చేసి పంపితే, సర్వర్ ముందు కూర్చున్నవాడికి కనిపించేదే వేల మైళ్ల దూరంలో ఉన్నవాడికీ కనిపిస్తుంది.

చరిత్ర

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దాని కర్తలు. ఒక ప్రోగ్రామ్ రాసిన అక్షరాలను ఇంకో ప్రోగ్రామ్ అందుకుని చదివే ‘పైప్’ పద్ధతి డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టడంతో 1973లో చేరింది. ప్రోగ్రాములన్నీ అక్షరాల్లోనే మాట్లాడుకోవాలన్న అలవాటు అక్కడ స్థిరపడింది. లోప నిర్ధారణకు ఇంతకంటే మేలు చేసిన నిర్ణయం ఇంకొకటి లేదు.

తోటివారే దిక్కు అన్న పరిస్థితికి మాత్రం చట్టం కారణం. బెల్ ల్యాబ్స్ మాతృసంస్థ ఏటీ అండ్ టీ 1956లో అమెరికా ప్రభుత్వంతో కోర్టు ద్వారా ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం టెలిఫోన్ రంగం దాటి వ్యాపారం చేయకూడదు. అందుకే యూనిక్స్‌ను విశ్వవిద్యాలయాలకు కొద్ది రుసుముకే సోర్సుతో సహా ఇచ్చింది, మరమ్మతు పూచీ మాత్రం తీసుకోలేదు. తెచ్చుకున్నవాళ్లు ఒకరినొకరు వెతుక్కోక తప్పలేదు. 1970ల నడుమ వాడుకరుల సంఘం ఏర్పడి, తర్వాత యూసెనిక్స్ అయింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ తన విద్యార్థుల కోసం ఆరో ఎడిషన్ యూనిక్స్ సోర్సుకు వరసవారీ వ్యాఖ్యానం రాశారు. దాని ముద్రణకు ఆంక్షలు వచ్చాక ఆ వ్యాఖ్యానం ఏళ్ల తరబడి జిరాక్స్ ప్రతులుగా చేతులు మారింది. 1980కల్లా డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ మొదలుపెట్టిన యూజ్‌నెట్ ద్వారా యూనిక్స్ యంత్రాలు రాత్రిపూట ఫోన్ లైన్ల మీద ప్రశ్నలూ జవాబులూ మార్చుకోసాగాయి.

మన దేశంలో 1990ల నాటికి బ్యాంకు శాఖల్లో యూనిక్స్, జెనిక్స్ యంత్రాలు కనిపించేవి. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ సేవ మొదలుపెట్టినప్పుడు చాలామందికి దక్కిన ‘షెల్ అకౌంటు’ నిజానికి ఒక యూనిక్స్ యంత్రం మీది ఖాతాయే. లినక్స్ ఇళ్లకు చేరింది మాత్రం ఆ దశాబ్దం రెండో సగంలో పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీల ద్వారా. హైదరాబాద్‌లో లినక్స్ వాడుకరుల బృందం అప్పటి తరందే. 2005లో స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖంతో ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసి, ఆ తర్వాత ఇంజినీరింగ్ కాలేజీల్లో శిక్షణ శిబిరాలు నడిపింది. సర్వర్ ఆగిపోతే ఎవరిని అడగాలో తెలిసిన ఒక తరం అలా తయారైంది.

మెమరీ సమస్యలు

కొత్తవాళ్లు వేసే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘ర్యామ్ అంతా నిండిపోయింది, ఏం చేయాలి?’ చాలాసార్లు ఏమీ చేయక్కర్లేదు. ‘ఫ్రీ’ అనే ఆదేశం ఇస్తే 8 జీబీ యంత్రంలో మొత్తం 7.6, వాడినది 2.1, ఖాళీ 0.2, క్యాష్ 5.3, అందుబాటులో 5.1 అని కనిపిస్తుంది. ఖాళీ 0.2 అన్నది చూసి కంగారు పడతారు. లినక్స్ ఉపయోగంలో లేని మెమరీని ఊరికే ఉంచదు, చదివిన ఫైళ్లను అందులో దాచుకుంటుంది. ప్రోగ్రాములు అడిగిన వెంటనే ఆ చోటును చాలావరకు వదిలేస్తుంది. చూడాల్సింది చివరి అంకె. ఆ అంకెకు ఆధారమైన ‘మెమ్‌అవైలబుల్’ లెక్కను 2014లో వచ్చిన 3.14 కెర్నెల్ నుంచి వ్యవస్థే స్వయంగా చెబుతోంది. అంతకుముందు ఎవరికి వారు కూడికలు, తీసివేతలు వేసుకుని తప్పులో పడేవారు.

నిజమైన కొరత వచ్చినప్పుడు జరిగేది వేరు. దాన్ని దగ్గరగా చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. గుజరాత్‌లోని సూరత్ ఆగ్నేయ భాగాన డిండోలిని ఆనుకుని నవాగామ్ ఉంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపుల నుంచి మరమగ్గాల పనికి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా, డిండోలి చుట్టుపక్కల తరాలుగా ఉంటున్నాయి. అలాంటి పేటలో గ్రే క్లాత్ అమ్మే ఒక చిన్న ఆఫీసు ఉందనుకోండి. తాకాల (బట్ట చుట్టల) లెక్క, బిల్లులు, చలాన్లు అన్నీ 8 జీబీ ర్యామ్ ఉన్న ఒక లినక్స్ పెట్టె మీద, మరియాడీబీ డేటాబేస్, పీహెచ్‌పీతో నడుస్తున్నాయి. నెలంతా ఏ గొడవా ఉండదు. పదో తారీఖు సాయంత్రం మాత్రం డేటాబేస్ చచ్చిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే లేస్తుంది, గంటలో మళ్లీ పడిపోతుంది.

చూసేవాళ్లు సహజంగా డేటాబేస్‌ను అనుమానిస్తారు. దాని లాగ్‌లో మాత్రం ఏ తప్పూ ఉండదు, ఉన్నట్టుండి రాత ఆగిపోయి ఉంటుంది. సొంత తప్పుతో కూలిన ప్రోగ్రామ్ సాధారణంగా ఏదో ఒకటి రాసి పోతుంది. మాట లేకుండా పోయిందంటే ఎవరో చంపారని అర్థం. కెర్నెల్ మాటలు చూపే ‘డీమెసేజ్’ తెరిస్తే ‘అవుట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్’ అన్న వరస దొరుకుతుంది. దాని పైన, ఆ క్షణంలో నడుస్తున్న ప్రోగ్రాములన్నీ, ఒక్కొక్కటి ఎంత మెమరీ పట్టుకుని ఉందో పట్టికగా ఉంటుంది. అసలు సాక్ష్యం ఆ పట్టికే. చాలామంది చివరి వరస ఒక్కటే పంపి పట్టికను వదిలేస్తారు, దాంతో జవాబు చెప్పేవాళ్లు చీకట్లో తడుముకోవాల్సి వస్తుంది.

పట్టికలో పీహెచ్‌పీ ప్రాసెసులు 60 కనబడ్డాయి, ఒక్కొక్కటి సుమారు 80 ఎంబీ. అంటే 4.8 జీబీ. డేటాబేస్‌కు కేటాయించిన బఫర్ 4 జీబీ. రెండూ కలిస్తే 8.8, ఉన్నది 7.6. పదకొండో తారీఖు జీఎస్టీఆర్-1 దాఖలుకు గడువు కాబట్టి ముందురోజు సాయంత్రం అందరూ ఒకేసారి రిపోర్టులు తీస్తున్నారు. మామూలు రోజుల్లో పది ప్రాసెసులు దాటని చోట అరవై లేచాయి. మెమరీ చాలనప్పుడు ‘ఓఓఎం కిల్లర్’ అనే కెర్నెల్ భాగం ఎక్కువ మెమరీ పట్టుకున్నదాన్ని ఎంచి చంపుతుంది. ఒక్కోటిగా చూస్తే అన్నిటికంటే పెద్దది డేటాబేస్, కాబట్టి వేటు దాని మీద పడింది. మెమరీ గొడవల్లో బలయ్యేది ఒకరు, కారణమైనది ఇంకొకరు కావడం పరిపాటి. ఓఓఎం కిల్లర్‌ను నిందించేవాళ్లు చాలామంది ఉన్నారు. నా అంచనాలో అది అన్యాయం: అది లేకపోతే మొత్తం యంత్రమే బిగుసుకుపోయి, సాక్ష్యం కూడా మిగలదు.

పీహెచ్‌పీ ప్రాసెసుల గరిష్ఠ సంఖ్యను 25కు, డేటాబేస్ బఫర్‌ను 3 జీబీకి దించితే లెక్క 5 జీబీ దగ్గర నిలుస్తుంది. క్యూలో ఉన్నవాళ్లు కొన్ని సెకన్లు ఆగుతారు, సర్వర్ మాత్రం పడదు. ఇక్కడొక చిక్కు ఉంది. ఆ 80 ఎంబీలో ప్రాసెసులన్నీ కలిసి పంచుకునే లైబ్రరీల భాగం కూడా ఉంటుంది, దాన్ని అరవైసార్లు లెక్కిస్తే మొత్తం పెరిగినట్టు కనిపిస్తుంది. పంచుకున్నదాన్ని భాగాలు వేసి చెప్పే ‘పీఎస్‌ఎస్’ అంకె ప్రోక్ డైరెక్టరీలోని ఎస్‌మ్యాప్స్ ఫైళ్లలో దొరుకుతుంది. కచ్చితమైన లెక్క కావాలంటే దాన్నే చూడాలి.

ర్యామ్‌కు తోడుగా డిస్కులో కేటాయించే స్వాప్ గురించి రెండు మాటలు. స్వాప్ వాడుకలో ఉన్నంత మాత్రాన రోగం కాదు. ‘విఎంస్టాట్’ చూపే పట్టికలో ‘ఎస్ఐ’, ‘ఎస్ఓ’ అనే రెండు నిలువు వరసల్లో అంకెలు ఆగకుండా వస్తుంటేనే యంత్రం పేజీలను డిస్కుకూ ర్యామ్‌కూ మధ్య తిప్పుతూ ఆయాసపడుతోందని తెలుసుకోవాలి. 2018 చివర వచ్చిన 4.20 కెర్నెల్ నుంచి ‘ప్రెజర్ స్టాల్’ సమాచారం కూడా దొరుకుతోంది. మెమరీ కోసం ప్రోగ్రాములు ఎంత శాతం సమయం ఆగిపోయాయో అది నేరుగా చెబుతుంది. ప్రోగ్రామ్ తీసుకున్న మెమరీని వదలకుండా రోజురోజుకూ పెరిగిపోతే అది లీక్. దాన్ని పట్టడానికి గంటకోసారి ప్రాసెస్ పరిమాణాన్ని ఒక ఫైల్లో రాసిపెట్టడం అన్నిటికంటే తేలికైన ఉపాయం. అంకె మెట్లు మెట్లుగా పెరిగి ఒకచోట నిలిస్తే అది క్యాష్, ఎక్కడా నిలవకుండా ఎక్కుతూ పోతే లీక్.

కెర్నెల్ లోపలికి తొంగిచూసే సాధనాలు

లోప నిర్ధారణ చరిత్రలో బెంగళూరుకు దక్కాల్సినంత పేరు దక్కలేదు. నడుస్తున్న కెర్నెల్‌ను ఆపకుండా, మళ్లీ కంపైల్ చేయకుండా, దాని ఏ ఫంక్షన్ దగ్గరైనా పరిశీలన బిందువు పెట్టే ‘కేప్రోబ్స్’ను బెంగళూరు ఐబీఎంలో వంశీకృష్ణ ఎస్. 2002 అక్టోబరులో మొదలుపెట్టారు. కెర్నెల్ సోర్సులో కేప్రోబ్స్ ఫైలు తల మీదే ఈ సంగతి రాసి ఉంది. ప్రసన్న పంచముఖి, సుపర్ణ భట్టాచార్య తదితరులు దాన్ని పెంచారు. 2004లో 2.6.9 కెర్నెల్‌లో చేరింది. మామూలు ప్రోగ్రాములకు అదే పని చేసే ‘యూప్రోబ్స్’ శ్రీకర్ ద్రోణంరాజు ప్రధాన కృషితో 2012లో 3.5 కెర్నెల్‌లోకి వచ్చింది. నేడు ఈబీపీఎఫ్ పేరిట పెద్ద సంస్థలన్నీ వాడే పరిశీలన సాధనాల్లో చాలా వాటికి ఈ రెండే ఊతం.

కెర్నెల్ కూలినప్పుడు ఆ క్షణపు మెమరీని భద్రపరిచే ‘కేడంప్’ 2005లో 2.6.13తో వచ్చింది. దాని రూపకర్తల్లో వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ ఉన్నారు. పథకం చాలా తెలివైనది: కూలిన కెర్నెల్ మాట నమ్మకుండా, ముందే పక్కన పెట్టుకున్న కొద్ది మెమరీలో రెండో కెర్నెల్ లేచి, మొదటిదాని శవపంచనామా రాస్తుంది. ఒక్కో ప్రోగ్రామ్ గుంపుకు మెమరీ హద్దు గీసే కంట్రోలర్‌ను బల్బీర్ సింగ్, పావెల్ ఎమెల్యానోవ్ రాశారు, 2008లో 2.6.25లో చేరింది. పై ఉదాహరణలో పీహెచ్‌పీ గుంపుకు ఇలాంటి హద్దు పెట్టి ఉంటే వేటు ఆ గుంపులోనే పడేది, డేటాబేస్ జోలికి వచ్చేది కాదు. డాకర్ కంటైనర్లకు మెమరీ పరిమితి పెడుతున్న వాళ్లందరూ వాడుతున్నది ఈ వరసలోని ఏర్పాటునే.

నెట్‌వర్క్ సమస్యలు

1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, 400 గజాల దూరంలోని విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. వాన్ జాకబ్సన్, మైక్ కారెల్స్ కారణం వెతికితే, దారి నిండినప్పుడు టీసీపీ మళ్లీమళ్లీ పంపి దాన్ని ఇంకా నింపుతోందని తేలింది. వాళ్లు చేర్చిన రద్దీ నియంత్రణ పద్ధతుల మీదే నేటి ఇంటర్నెట్ నిలబడి ఉంది. ఆ అన్వేషణల కాలంలోనే ట్రేస్‌రూట్, టీసీపీడంప్ వెలిశాయి. వాటికంటే ముందు, 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ ఒక నెట్‌వర్క్ చిక్కు విప్పడానికి పింగ్ రాశారు.

పింగ్ అనగానే ‘అవతల యంత్రం ఉందా లేదా’ అని చూసి ఊరుకుంటారు. దానితో అంతకంటే సూక్ష్మమైన పని ఉంది. మన దేశంలో చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు పీపీపీఓఈ పద్ధతిలో నడుస్తాయి. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్‌కు 1500 బైట్లు చోటు ఉంటే, ఈ పద్ధతి 8 బైట్లు తినేసి 1492 మిగులుస్తుంది. ఆ సంగతి అవతలి సర్వర్‌కు తెలియజేసే ఐసీఎంపీ సందేశాన్ని దారిలో ఏదో ఫైర్‌వాల్ అడ్డుకుందంటే విచిత్రమైన లక్షణం కనిపిస్తుంది: ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అవుతుంది, చిన్న ఆదేశాలకు జవాబు వస్తుంది, పెద్ద ఫైళ్ల జాబితా అడగగానే తెర బిగుసుకుపోతుంది. సర్వర్ పాడైందని, పాస్‌వర్డు గొడవని, వైరస్ అని రకరకాలుగా అనుకుంటారు. ముక్కలు చేయకూడదన్న షరతుతో 1472 బైట్ల పింగ్ పంపి చూడాలి, పోదు. 1464తో పంపితే పోతుంది. హెడర్ల 28 బైట్లు కలిపితే సరిగ్గా 1492. ఈ రెండు వరసలు అతికించి పంపితే అనుభవమున్న ఎవరైనా నిమిషంలో జవాబు చెబుతారు: రౌటర్‌లో టీసీపీ ఎంఎస్‌ఎస్ విలువను 1452కు బిగించమని.

ఇంకో సమస్య మన దగ్గర ఇంటింటా ఉంది. ఆఫీసులో సర్వర్ పెట్టుకుని బయటి నుంచి చేరాలనుకుంటారు, రౌటర్‌లో పోర్టు తెరుస్తారు, అయినా కుదరదు. రౌటర్‌కు వచ్చిన బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే ఇక ఆ రౌటర్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. అది 2012లో ఇంటర్నెట్ సర్వీస్ కంపెనీల లోపలి వాడకానికి కేటాయించిన శ్రేణి. ఒకే పబ్లిక్ చిరునామా వెనక ఎందరో ఖాతాదారులు ఉన్నారని దాని అర్థం. స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి, లేదా ఐపీవీ6 ఉంటే దాన్ని వాడాలి, లేదా బయట ఒక చిన్న క్లౌడ్ సర్వర్ పెట్టుకుని వైర్‌గార్డ్ సొరంగం వేయాలి.

డీఎన్‌ఎస్ లోపాలకు ఒక గుర్తు ఉంది: ఆలస్యం 5 సెకన్ల లెక్కన వస్తుంది. పేరు అడిగిన మొదటి సర్వర్ పలకకపోతే వ్యవస్థ మామూలుగా 5 సెకన్లు ఆగి తర్వాతిదాన్ని అడుగుతుంది. అందుకే ఏదైనా సరిగ్గా ఐదో పదో సెకన్లు ఆగి ఆపైన చకచకా నడిస్తే ముందు రిజాల్వ్.కాన్ఫ్ ఫైలు చూడాలి.

డిస్కు, గడియారం, తదితరాలు

డిస్కులో చోటు ఉన్నా ‘చోటు లేదు’ అంటే ఒక్కో ఫైలు వివరాలు దాచే ఐనోడ్లు అయిపోయి ఉండొచ్చు. లాగ్ ఫైలు తుడిచేసినా చోటు తిరిగి రాకపోతే ఏదో ప్రోగ్రామ్ దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని ఉంటుంది, ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’ దాని పేరు చెబుతుంది. లోడ్ యావరేజ్ 40 చూపుతూ ప్రాసెసర్ ఖాళీగా ఉంటే డిస్కును అనుమానించాలి. లినక్స్ 1993 నుంచి డిస్కు కోసం ఆగిన ప్రాసెసులను కూడా ఆ లెక్కలో కలుపుతోంది.

గడియారాన్ని చాలామంది పట్టించుకోరు. రెండు సర్వర్ల లాగ్‌లు పక్కపక్కన పెట్టి చదవాలంటే రెండింటి సమయం ఒకటి కావాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు సమయాన్ని ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల గడియారాలతో సరిపోల్చుకోమని, లాగ్‌లను 180 రోజులు దాచమని చెప్పాయి. ఇతర దేశాల వాళ్లకు లాగ్ పంపేటప్పుడు అది యూటీసీనో, దానికి ఐదున్నర గంటలు ముందుండే భారత సమయమో రాయకపోతే చర్చ దారి తప్పుతుంది.

తోటివారిని అడిగే పద్ధతి

‘సర్వర్ స్లో అయింది, అర్జెంట్’ అన్న ప్రశ్నకు జవాబు రాదు. రావడానికి అందులో ఏమీ లేదు. ఏ వ్యవస్థ, ఏ కెర్నెల్, ఎప్పటి నుంచి, అంతకుముందు ఏం మార్చారు, ఇచ్చిన ఆదేశం, వచ్చిన జవాబు మొత్తం: ఇవి కావాలి. ‘ఏం మార్చారు’ అన్నదానికి ‘ఏమీ మార్చలేదు’ అనే జవాబు తరచు వస్తుంది. ప్యాకేజీల లాగ్ తీసి చూస్తే రాత్రి తనంతట తానే అయిన అప్‌డేట్ కనిపిస్తుంది. ఫొటో తీసి పంపే అలవాటు మానాలి. ఫొటోలోని వరసను వెతకలేం, కాపీ చేయలేం, పక్కవాడి వరసతో సరిచూడలేం.

తెలుగు లోకేల్ పెట్టుకున్నవాళ్లు ఆదేశం ముందు ‘ఎల్‌సీ_ఆల్’ విలువను ‘సీ’ అని పెడితే దోష సందేశం ప్రపంచమంతా గుర్తుపట్టే రూపంలో వస్తుంది. బిల్లుల్లో తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారితే డేటాబేస్ అక్షర సంకేతనం యూటీఎఫ్-8 అవునో కాదో చూడాలి. ఆ పద్ధతిలో ఒక్కో తెలుగు యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు పడతాయి కనుక బైట్లలో కొలిచే చోట్ల తెలుగు పేరు సగంలో తెగిపోవడమూ ఉంది.

వ్యాపార సర్వర్ లాగ్‌లలో ఖాతాదారుల ఫోన్ నంబర్లు, జీఎస్టీ నంబర్లు, ఒక్కోసారి పాస్‌వర్డులు కూడా ఉంటాయి. బయటికి పంపే ముందు వాటిని తీసేయాలి. తీసేసేటప్పుడు ఒకే చిరునామాకు అన్నిచోట్లా ఒకే మారుపేరు పెట్టాలి, లేకపోతే చదివేవాళ్లకు ఎవరు ఎవరితో మాట్లాడారో అంతుపట్టదు. పరిష్కారం దొరికాక దాన్ని రాసి పెట్టడం అడిగినవాళ్ల బాధ్యత. అదే దోష సందేశంతో ఏళ్ల తర్వాత వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు ఆ ఒక్క పేరా ఎంత విలువైనదో అవసరపడినవాళ్లకే తెలుస్తుంది.

దూరం నుంచి కనిపించనివి

అక్షరాల్లోకి రాని లోపాలు కొన్ని ఉంటాయి. ర్యామ్ చిప్పు పాడైతే ప్రతిసారీ వేరే ప్రోగ్రామ్ వేరే చోట కూలుతుంది. లక్షణాల్లో పొంతన లేకపోవడమే దాని లక్షణం. ఈసీసీ ర్యామ్ ఉన్న యంత్రమైతే కెర్నెల్ ఆ తప్పులను లెక్కపెట్టి చెబుతుంది. చవక పెట్టెల్లో అది ఉండదు కాబట్టి సర్వర్‌ను రాత్రంతా ఆపి మెమ్‌టెస్ట్86+ నడపాలి. ఒక్క తప్పు చూపినా ఆ స్టిక్ మార్చాల్సిందే.

మగ్గాల షెడ్డు పక్క గదిలో పెట్టిన సర్వర్‌లోకి నూలు పోగుల ధూళి చేరి ఫ్యాను జాలీని మూసేస్తుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. బయటికి మాత్రం ‘మధ్యాహ్నం పూట సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తోంది’ అని కనిపిస్తుంది. నేల అంతస్తులో పెట్టిన యంత్రాలకు సూరత్‌లో ఇంకో ముప్పుంది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి నగరంలో అత్యధిక భాగం మునిగింది. బ్యాకప్ డిస్కును అదే గదిలో, అదే బల్ల మీద ఉంచడం ఏ ఊళ్లోనూ మంచిది కాదు, ఇక్కడ మరీ కాదు. ‘సెన్సార్స్’ ఆదేశం ప్రాసెసర్ ఉష్ణోగ్రత చెబుతుంది. మధ్యాహ్నం అంకె 90 డిగ్రీలు దాటుతుంటే మిగతా లాగ్‌లు తెరవకముందే పెట్టె మూత తీసి ఫ్యాను శుభ్రం చేసి, మళ్లీ అదే ఆదేశం ఇచ్చి చూడాలి.